పిల్లలు చెబుతుంటే ఊఁ కొట్టడం: వాళ్ల మనసులో మాట వినడానికి సమగ్ర మార్గదర్శి

"రేపట్నుంచి నేను స్కూల్‌కి వెళ్ళను" అంటుంది బడి నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల పాప. దానికి మన ఇళ్లలో వచ్చే జవాబులు అందరికీ తెలిసినవే. "వెళ్ళక ఏం చేస్తావ్, గేదెలు కాస్తావా?" "ఫీజు ఎంత కట్టామో తెలుసా?" "హోంవర్క్ చెయ్యలేదు కదూ?" వీటిలో ఏది అన్నా పాప చెప్పాలనుకున్నది అక్కడితో ఆగిపోతుంది. పక్క సీటు పిల్ల ఏడిపించిందో, టీచర్ అందరి ముందూ నిలబెట్టిందో, బాత్రూంకి వెళ్లాలంటే భయమేస్తోందో మనకు తెలియకుండానే ఆ పూట గడిచిపోతుంది.

పిల్లలు అనే మొదటి మాటలో చాలాసార్లు అసలు విషయం ఉండదు. ఆ మాటకు మనం ఏమంటామో చూసుకుని, రెండో మాట చెప్పాలా మానాలా అని వాళ్లు తేల్చుకుంటారు. ఈ రాసేదంతా ఆ రెండో మాట కోసమే. నాలుగేళ్ల వయసు నుంచి ఇంటర్ దాకా పిల్లలున్న తల్లిదండ్రుల్ని, ఆ ఇంట్లోనే ఉండే తాతయ్య, నానమ్మ, అమ్మమ్మల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఒకేసారి అన్నీ మొదలుపెట్టక్కర్లేదు. మొదటి మూడు మెట్లు అలవాటైతే మిగతావి వాటంతటవే సులువవుతాయి.

మొదటి మెట్టు: అడిగే వేళ, కూర్చునే చోటు మార్చండి

బడి నుంచి వచ్చిన పిల్లాడిని గుమ్మంలోనే పట్టుకుని "ఏం జరిగింది ఈరోజు? టెస్ట్ పేపర్ ఇచ్చారా? బాక్స్ ఖాళీ చేశావా?" అని అడిగితే "ఏం లేదు", "బానే ఉంది" అనే వస్తుంది. ఆకలిగా, అలసటగా ఉన్న మనిషి అంతకంటే ఏం చెబుతాడు? కాళ్లూ చేతులూ కడుక్కుని ఏదో ఒకటి తిననివ్వండి. ఒక అరగంట ఏమీ అడగకండి.

ఎదురుగా కూర్చోబెట్టుకుని కళ్లలోకి చూస్తూ "ఇప్పుడు చెప్పు" అంటే పిల్లలు బిగుసుకుపోతారు. అదే పక్కపక్కన ఉండి, చేతులు ఏదో పనిలో ఉన్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. తలకు నూనె రాస్తున్నప్పుడు, జడ వేస్తున్నప్పుడు, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నప్పుడు, ఆరిన బట్టలు మడతపెడుతున్నప్పుడు, బండి మీద ట్యూషన్‌కి తీసుకెళ్తున్నప్పుడు గమనించండి. జడ వేసేటప్పుడు పాపకు అమ్మ ముఖం కనిపించదు, అమ్మకు పాప ముఖం కనిపించదు. సిగ్గుపడే పిల్లలకు అదే ధైర్యం. చాలామంది పిల్లలు అసలు సంగతి రాత్రి లైటు తీసేశాక, నిద్ర పట్టబోయే ముందు చెబుతారు. "పొద్దున్న చెప్పొచ్చుగా, ఇప్పుడు పడుకో" అనాలనిపిస్తుంది. అనకండి. పదకొండు దాటినా ఆ పది నిమిషాలూ వినండి.

ఫోను చేతిలో ఉంటే పిల్లలకు వెంటనే అర్థమైపోతుంది. స్క్రీన్ చూస్తూ "చెప్పు, వింటున్నా" అనేకంటే "ఈ పప్పు దించేసి వస్తా, ఐదు నిమిషాలు ఆగు" అనడం నిజాయితీగా ఉంటుంది. కానీ ఆ ఐదు నిమిషాలయ్యాక మీరే వెళ్లి అడగాలి. పిల్లలు మళ్లీ గుర్తుచేయాల్సి వస్తే చాలామంది గుర్తుచేయరు.

రెండో మెట్టు: ఏడుపు మధ్యలో పాఠం చెప్పకండి

నేల మీద పడి దొర్లుతున్న నాలుగేళ్ల పిల్లాడికీ, తలుపు ధడాలున వేసుకుని లోపలికెళ్లిన పన్నెండేళ్ల పిల్లకీ ఆ క్షణంలో మన మాట ఎక్కదు. అప్పుడు న్యాయాన్యాయాలు విడమరిచి చెప్పినా, అరిచినా, లంచం కింద చాక్లెట్ ఇచ్చినా లోపలి గోల తగ్గదు. ముందు ఒళ్లు కుదుటపడాలి.

చిన్న పిల్లలైతే వాళ్ల ఎత్తుకు దిగి కూర్చోండి. దగ్గరకు రానిస్తే ఒళ్లో పెట్టుకోండి, తోసేస్తే రెండడుగుల దూరంలో ఉండండి. "నేను ఇక్కడే ఉన్నా" అని ఒక్కసారి చెబితే చాలు. మంచినీళ్లు ఇవ్వండి. మీ గొంతు తగ్గితే వాళ్ల గొంతూ నెమ్మదిగా తగ్గుతుంది. పెద్ద పిల్లలైతే తలుపు కొట్టి తెరిపించకండి. ఓ పావుగంట తర్వాత ఏదైనా తినడానికి పట్టుకెళ్లి పక్కన పెట్టి, "మాట్లాడాలనిపిస్తే హాల్లోనే ఉంటా" అని వచ్చేయండి.

బజార్లోనో పెళ్లిలోనో ఇలా జరిగితే చుట్టూ ఉన్నవాళ్ల చూపులు మనల్ని తొందరపెడతాయి. "ఏడిస్తే పోలీసుకి పట్టిస్తా", "అదిగో బూచాడు" అని ఎవరో ఒకరు అందుకుంటారు. పిల్లాడు నోరు మూస్తాడు, నిజమే. కానీ భయం వేస్తే ఎవరి దగ్గరకు పరిగెత్తాలో ఆ మనిషే భయపెట్టినట్టవుతుంది. పైగా రేపు తప్పిపోతే సాయం అడగాల్సిన పోలీసునే చూసి దాక్కుంటాడు. ఎత్తుకుని ఓ పక్కకు తీసుకెళ్లిపోండి. చూసేవాళ్లను చూడనివ్వండి.

మూడో మెట్టు: ఊఁ కొట్టండి

కథ చెప్పేటప్పుడు మన నానమ్మలకు ఒక షరతు ఉండేది. పిల్లలు ఊఁ కొట్టాలి, ఊఁ ఆగితే కథ ఆగుతుంది. పిల్లలు చెప్పేటప్పుడు ఊఁ కొట్టే వంతు మనది. "ఊఁ", "అలాగా", "అప్పుడు?", "తర్వాత?" అనే నాలుగు మాటలు చాలాసార్లు సరిపోతాయి. చివరి మాటనే తిరిగి అనడం ఇంకో పద్ధతి. "పక్కన కూర్చోనివ్వలేదు" అంటే "కూర్చోనివ్వలేదా!" అని ఆగండి. ఆ ఖాళీని వాళ్లే నింపుతారు.

ఒక మామూలు సంభాషణ చూడండి.

పాప: "నా ఫ్రెండ్ నాతో మాట్లాడట్లేదు."
అమ్మ: "నువ్వేమన్నావ్ ముందు?"
పాప: "నేనేం అనలేదు."
అమ్మ: "ఏం అనకుండానే మానేస్తుందా? పోనీలే, ఇంకో ఫ్రెండ్‌ని చూసుకో. క్లాస్‌లో నలభై మంది ఉన్నారు."
పాప: "..."

అమ్మకు చెడ్డ ఉద్దేశం లేదు. నిజానికి ఓదార్చాలనే అనుకుంది. కానీ మొదట నేరం పాప మీద పెట్టింది, తర్వాత బాధే అక్కర్లేదని తేల్చేసింది. ఇదే సంగతి ఊఁ కొడుతూ వింటే ఇలా సాగొచ్చు.

పాప: "నా ఫ్రెండ్ నాతో మాట్లాడట్లేదు."
అమ్మ: "అయ్యో. మాట్లాడట్లేదా?"
పాప: "లంచ్‌లో వేరే వాళ్ల దగ్గర కూర్చుంది."
అమ్మ: "ఊఁ. మరి నువ్వు?"
పాప: "ఒక్కదాన్నే తిన్నా. తినలేదు. బాక్స్ మూసేశా."
అమ్మ: "ఒక్కదానివే కూర్చున్నావన్నమాట."
పాప: "అందరూ చూశారు. వాళ్లు నవ్వుకున్నారు కూడా."

స్నేహితురాలు దూరం జరగడం కంటే అందరూ చూస్తుండగా ఒంటరిగా కూర్చోవాల్సి రావడం పాపను ఎక్కువ బాధించింది. నాలుగో మాట దాకా అది బయటకు రాలేదు. మొదటి పద్ధతిలో అసలెప్పటికీ వచ్చేది కాదు.

"ఎందుకు" అనే ప్రశ్నను వీలైనంత తగ్గించండి. "ఎందుకు ఏడుస్తున్నావ్?" అంటే పిల్లలకు సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. పైగా చాలాసార్లు వాళ్లకే తెలియదు. "ఏం జరిగింది?", "అప్పుడు నీకేమనిపించింది?", "ముందు ఎవరొచ్చారు?" అని అడిగితే చెప్పడానికి దారి దొరుకుతుంది.

పూర్తిగా మానేయాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. "ఇంత చిన్నదానికేనా", "మగపిల్లాడివై ఉండి ఆడపిల్లలా ఏడుస్తావేంటి", "అక్కను చూసి నేర్చుకో", "మా చిన్నప్పుడు ఇవన్నీ ఉన్నాయా". వీటిలో మగపిల్లలతో అనే మాట మరీ హాని చేస్తుంది. ఏడవకూడదని నేర్చుకున్న పిల్లాడికి భయమైనా, అవమానమైనా, దిగులైనా కోపంగానే బయటపడుతుంది. పదిహేనేళ్లకు "వీడికి ముక్కు మీద కోపం" అని మనమే అంటాం.

"ఏం కాదులే, అంతా బానే అవుతుంది" అనే మాటకూ తొందరపడకండి. అది ప్రేమగానే వస్తుంది. కానీ సంగతంతా వినకముందే అంటే, ఇక చాలు ఆపమన్నట్టు వినిపిస్తుంది.

నాలుగో మెట్టు: ఆ బాధకు ఒక పేరు అందించండి

నాలుగైదేళ్ల పిల్లలకు సంతోషం, ఏడుపు, కోపం, భయం దాకా మాటలుంటాయి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా ఒకేసారి రెండు రకాలుగా అనిపిస్తోందని చెప్పడం వాళ్లకు కష్టం. మాట దొరకనిది కొట్టడంగా, గోళ్లు కొరకడంగా, పక్క తడపడంగా, కడుపునొప్పిగా బయటకొస్తుంది. బడి ఉన్న రోజు పొద్దున్నే వచ్చి ఆదివారం రాని కడుపునొప్పిని నాటకమని కొట్టిపారేయకండి. ఒకసారి డాక్టర్‌కి చూపించి, ఏ జబ్బూ లేదని తేలాక కూడా ఆ నొప్పి నిజమేనని గుర్తుంచుకోండి. భయానికి కడుపు నిజంగానే తిప్పుతుంది.

పేరు పెట్టడం వల్ల ఏమవుతుందన్న సందేహం సహజం. 2007లో లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో మాథ్యూ లీబర్‌మన్ బృందం పెద్దవాళ్లకు కోపం, భయం కనిపించే ముఖాల ఫొటోలు చూపించి మెదడు స్కాన్లు తీసింది. ఆ ముఖంలోని భావానికి తగిన మాట ఎంచుకున్నప్పుడు, బెదురుకు స్పందించే అమిగ్డలా అనే భాగంలో హడావుడి తగ్గింది. అది పెద్దల మీద చేసిన పరిశోధన. పిల్లల దగ్గర మనం చూసేదీ దానికి దగ్గరగానే ఉంటుంది. "అవును, అదే!" అన్నాక ఏడుపు తీరే మారుతుంది.

మన ఇళ్లలో దీనికి కావలసినన్ని మాటలున్నాయి, వాడకమే తగ్గింది. ఆటలో ఓడిపోయి గళ్లన్నీ చెరిపేసిన పిల్లాడిది ఉక్రోషం. అమ్మ ఊరెళితే అన్నం సయించని పిల్లది బెంగ. పరీక్ష ముందు రాత్రి ఉండేది గుబులు. కొత్తవాళ్ల ముందు మాట రాకపోవడం బెరుకు. అందరి ముందూ తిట్టించుకుంటే నామోషీ. తనకు చెప్పకుండా అందరూ సినిమాకు వెళితే చిన్నబుచ్చుకోవడం. వీటన్నిటినీ "కోపం" అనే ఒక్క మాటలో కుదిస్తే మందు కూడా ఒక్కటే అనిపిస్తుంది. ఉక్రోషానికి కాస్త సమయం ఇవ్వాలి. బెంగకు ఫోన్లో అమ్మ గొంతు కావాలి. నామోషీకి, ఆ సంగతి మళ్లీ నలుగురిలో ఎత్తకపోవడం కావాలి.

పేరు చెప్పేటప్పుడు తీర్పులా కాకుండా, అడిగినట్టుగా చెప్పండి. "నీకు ఉక్రోషం వచ్చింది" అనేకంటే "ఉక్రోషంగా ఉన్నట్టుంది, అవునా?" అనండి. "కాదు" అంటే మరీ మంచిది, తర్వాతి మాటలో అసలుది చెప్పేస్తారు. "ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది? గుండె దడదడలాడుతోందా, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టుందా?" అని అడిగినా చిన్నపిల్లలు బాగా చెబుతారు. మాట రాకపోతే బొమ్మ గీయమనండి, లేదా బొమ్మలతో బడి ఆట ఆడండి. టీచర్ బొమ్మ విద్యార్థి బొమ్మతో ఎలా మాట్లాడుతోందో వింటే మీకు చాలా తెలుస్తుంది.

ఇంగ్లిష్ మీడియం పిల్లలు "సాడ్‌గా ఉంది", "బోర్", "టెన్షన్" అంటారు. అననివ్వండి. ఏడుస్తున్న పిల్లను "తెలుగులో చెప్పు" అని దిద్దే సమయం కాదది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న పిల్లలైతే బడి గొడవలు బడి భాషలోనే గుర్తుంటాయి. వాళ్లు ఆ భాషలోనే చెప్పనివ్వండి, మీరు తెలుగులో ఊఁ కొట్టినా సరిపోతుంది.

అయిదో మెట్టు: కోపం రావచ్చు, కొట్టకూడదు

వినడమంటే అన్నిటికీ తలూపడమని కొందరు భయపడతారు. భావానికి, చేతకు మధ్య గీత గీసి చూపిస్తే ఆ భయం అక్కర్లేదు. "తమ్ముడి మీద కోపం రావచ్చు. కొట్టడం మాత్రం కుదరదు. కోపం వస్తే నా దగ్గరికి వచ్చి చెప్పు, దిండుని గుద్దు, మేడ మీద రెండు రౌండ్లు కొట్టిరా." రెండో వాక్యం ఎంత గట్టిగా ఉంటుందో మొదటి వాక్యం కూడా అంత నిజంగా అనాలి.

రెండో బిడ్డ పుట్టిన ఇంట్లో ఇది రోజూ అక్కరకొస్తుంది. పురుడయ్యాక చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు పెద్దపిల్లని దగ్గరకు పిలిచి "ఇక అమ్మ నీది కాదుగా, తమ్ముడిదే" అని ఆటపట్టిస్తారు. నవ్వుతారు, పిల్ల కూడా నవ్వినట్టు ముఖం పెడుతుంది. ఆ రాత్రి నుంచి మళ్లీ వేలు చప్పరిస్తుంది, పక్క తడుపుతుంది, లేదా పసివాడిని ముద్దుపెట్టుకుంటూ గట్టిగా గిల్లుతుంది. ఇంటి పెద్దలు ఎవరైనా సరే, మొహమాటపడకుండా ఆ పరాచికం అక్కడే ఆపించండి. "అత్తయ్యా, అలా అనొద్దండి, అది నిజమనుకుంటుంది" అంటే చాలు. పిల్ల "తమ్ముణ్ణి హాస్పిటల్‌లో ఇచ్చేద్దాం" అంటే "ఛీ, తప్పు" అనకుండా "వాడొచ్చాక నాకు నీతో ఆడుకునే తీరిక ఉండట్లేదు కదా, నీకు బెంగగా ఉందా?" అని అడగండి. పసివాడు నిద్రపోయే సమయంలో రోజూ కాసేపు ఆ పిల్లకే కేటాయించండి. ఆ కాసేపు ఏం ఆడాలో తనే చెప్పాలి.

ఆరో మెట్టు: సాయం కావాలో వద్దో అడగండి, గుట్టు దాచండి

అంతా విన్నాక మన చేతులు ఊరుకోవు. స్కూల్‌కి ఫోన్ చేయాలని, ఆ పిల్లాడి అమ్మను నిలదీయాలని అనిపిస్తుంది. ఒక్క ప్రశ్న అడిగి ఆగండి. "నేను ఊరికే వినాలా, ఏదైనా చేయాలా?" చాలాసార్లు "ఊరికే చెప్పా" అంటారు. చేయాలంటే "నువ్వైతే ఏం చేద్దామనుకుంటున్నావ్?" అని వాళ్ల ఉపాయం ముందు వినండి. లంచ్‌లో ఒంటరిగా కూర్చున్న పాప "రేపు ముందే వెళ్లి ఇంకో అమ్మాయిని పిలుస్తా" అని తనే చెప్పొచ్చు.

కొన్నింటికి మాత్రం పెద్దలు కదలాల్సిందే. టీచర్ కొడుతున్నాడని, అందరి ముందూ అవమానిస్తున్నాడని చెబితే పిల్లల మీదే వదిలేయకండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. స్కూల్‌కి వెళ్లబోయే ముందు పిల్లలకు చెప్పి వెళ్లండి. ఏం మాట్లాడతారో, వాళ్ల పేరు ఎలా తీసుకొస్తారో ముందే చెబితే "అనవసరంగా చెప్పానే" అనుకోరు.

ఇక గుట్టు. పిల్లలు మాట్లాడటం మానేయడానికి నేను చూసినంతలో ఇదే పెద్ద కారణం. రాత్రి దుప్పట్లో చెప్పిన సంగతి మర్నాడు పిన్నితో ఫోన్లో నవ్వుతూ చెబుతాం. "మావాడికి చీకటంటే భయం, ఇంకా నా పక్కనే పడుకుంటాడు" అని ఫంక్షన్‌లో పదిమందిలో అనేస్తాం. పిల్లాడు అక్కడే నిలబడి ఉంటాడు. మనకు అది ముచ్చట, వాడికి నామోషీ. వాళ్లు చెప్పింది ఇంకొకరికి చెప్పాలంటే వాళ్లను అడగండి, నాన్నకి చెప్పాలన్నా అడగండి.

"ఉండు, నాన్న రానీ చెప్తా" అనే బెదిరింపు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దాంతో నాన్న ఇంట్లో శిక్ష వేసే మనిషిగా మిగిలిపోతాడు. పిల్లలు ఆయన దగ్గర నోరు విప్పరు, ఆయనకూ తను ఏం పోగొట్టుకుంటున్నాడో తెలియదు. నాన్నలు బండి మీద దింపే సమయాన్నైనా తమ వంతుగా తీసుకుంటే ఇది మారుతుంది.

ఏడో మెట్టు: హాస్టల్‌లో ఉన్న పిల్లల మాట

తెలుగు రాష్ట్రాల్లో గురుకులాల్లో, రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివే పిల్లలు లక్షల్లో ఉన్నారు. చాలాచోట్ల వాళ్లకు దొరికేది వారానికి కొన్ని నిమిషాల ఫోను. వెనక లైన్లో ఇంకో పదిమంది నిలబడి ఉంటారు, పక్కన వార్డెన్ ఉంటారు. అక్కడ ఏ పిల్లాడూ మనసు విప్పలేడు. అందుకే చేర్పించే ముందే ఇంట్లో ఒక గుర్తు మాట అనుకోండి. "అమ్మమ్మని దోసకాయ పచ్చడి పంపమను" అంటే ఇక్కడ బాగాలేదు, వచ్చి కలవండి అని అర్థం. ఆ మాట వినపడితే వచ్చే ఆదివారం దాకా ఆగకండి.

ఆ కొన్ని నిమిషాల్లో ర్యాంకు ప్రస్తావన పెట్టకండి. మార్కులు ఎలాగూ మీ ఫోన్‌కి మెసేజ్ వస్తాయి. "ఈ వారం బాగా విసుగొచ్చింది ఏంటి?", "రాత్రి నిద్ర పడుతోందా?", "ఎవరితో కూర్చుని తింటున్నావ్?" అని అడగండి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి తోడు ఉందో లేదో తెలిసిపోతుంది. చూడ్డానికి వెళ్లినప్పుడు విజిటర్స్ హాల్లో కాకుండా అనుమతి తీసుకుని బయటకు తీసుకెళ్లండి. తీసుకెళ్లిన పులిహోర తినడం పూర్తయ్యాక, కాసేపు ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చోండి.

"నన్ను ఇంటికి తీసుకెళ్లిపో" అంటే వెంటనే "సర్దుకుపో" అనొద్దు, వెంటనే సామాను సర్దొద్దు. కొత్తలో ఉండే బెంగ సాయంత్రాల్లో, రాత్రుళ్లు, మీరు చూసి వెళ్లిన తర్వాత ఎక్కువగా ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ సాధారణంగా తగ్గుతుంది. తగ్గకుండా పెరుగుతుంటే, లేదా ఒక ఫలానా మనిషి, గది, వేళ పేరెత్తితే ముఖం మారిపోతుంటే అది బెంగ కాకపోవచ్చు. సీనియర్ల వేధింపో, కొట్టడమో, ఇంకా ఘోరమైనదో ఉండొచ్చు. కట్టిన ఫీజు గురించి అప్పుడు ఆలోచించకండి.

పదో తరగతి దాటిన పిల్లలు ఇంట్లో ఉన్నా ఎదురుగా చెప్పనివి మెసేజ్‌లో రాస్తారు. పక్క గదిలోంచే వాట్సాప్ చేసినా అక్కడే జవాబివ్వండి. పరిగెత్తుకెళ్లి తలుపు తీయకండి.

ఎనిమిదో మెట్టు: మనం అరిచిన రోజు

నిద్రలేక, ఆఫీసు ఒత్తిడితో, అప్పుల బాధతో పెద్దలు అరుస్తారు. అరిచాక చేయాల్సిన పని ఒకటుంది. "నిన్న పాలు ఒలికినందుకు నీ మీద అంతలా అరవాల్సింది కాదు. నాకు వేరే చిరాకు ఉంది, నీ మీద చూపించా. తప్పు నాది." ఇంతే చెప్పండి. "కానీ నువ్వు కూడా..." అని తగిలిస్తే అది క్షమాపణ కాదు. పిల్లల ముందు లోకువైపోతామని పెద్దల భయం. నిజానికి చిరాకును కూడా మాటల్లో చెప్పొచ్చని పిల్లలు చూసేది అప్పుడే. మన చిరాకు చెప్పడం వేరు, మన బరువు వాళ్ల నెత్తిన పెట్టడం వేరు. "ఈరోజు టెన్షన్‌గా ఉంది, కాసేపు ఒంటరిగా కూర్చుంటా" అనొచ్చు. అత్తింటి తగాదాలు, బాకీల లెక్కలు పదేళ్ల పిల్లతో చెప్పి ఓదార్పు కోరకూడదు.

తొమ్మిదో మెట్టు: వినడానికే కష్టమైన మాట వచ్చినప్పుడు

ఎవరో ఒంటి మీద చెయ్యి వేశారని పిల్లలు చెప్పొచ్చు. చెప్పే పద్ధతి సూటిగా ఉండదు. "ఆ మావయ్య దగ్గర నన్ను వదలకు" అని మాత్రమే అనొచ్చు. మీ ముఖంలో భయం, కోపం కనిపిస్తే పిల్లలు అక్కడే ఆగిపోతారు. గొంతు నెమ్మదిగా ఉంచి ఈ మూడు మాటలు చెప్పండి: "చెప్పి మంచి పని చేశావు. నేను నమ్ముతున్నా. ఇందులో నీ తప్పేం లేదు." "ఎవరికీ చెప్పను" అని మాత్రం ఒట్టు వేయకండి. "నిన్ను కాపాడగలిగేవాళ్లకు చెబుతాను, వేరే ఎవరికీ చెప్పను" అనండి. గుచ్చి గుచ్చి అడగకండి, ఇంట్లో ఒక్కొక్కరి ముందూ మళ్లీ మళ్లీ చెప్పించకండి. వాళ్లు అన్న మాటల్ని అన్నట్టే రాసి, తేదీ వేసి పెట్టుకోండి.

పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయాలి. అది బంధువైనా, ఇంటి పరువు పోతుందన్నా అంతే. ఆ చట్టం పిల్లలకు కొన్ని రక్షణలు ఇచ్చింది. వాంగ్మూలం ఇంట్లోగానీ పిల్లలు కోరిన చోటగానీ తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో ఉండకూడదు. పిల్లల పేరు, వివరాలు మీడియాలో బయటపెట్టడం నేరం. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, పిల్లలే చేయొచ్చు. తక్షణ ప్రమాదం ఉంటే 112.

రెండో కష్టమైన మాట "నేను చచ్చిపోతే బాగుండు". ఇంటర్, ఎంట్రన్స్ ఫలితాలు వచ్చే వేసవిలో ఈ మాటను అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. "పిచ్చి మాటలు మాట్లాడకు" అని మూయకండి. సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా అని కూడా ఆలోచించావా?" అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అడిగితే దాచుకున్నవాళ్లకు చెప్పే దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు, మాత్రలు ఇంట్లో అందకుండా తీసేయండి, పొలం ఉన్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు 14416 నంబర్‌లో రోజంతా, తెలుగులో మాట్లాడొచ్చు. ఉన్న ఊళ్లోని ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికి ఆ రోజే తీసుకెళ్లండి. ఫలితాల రోజు పొద్దున్నే, రిజల్ట్ తెరవకముందే, "ఏమొచ్చినా మధ్యాహ్నం అందరం కలిసే తింటాం" అని చెప్పి, అలాగే చేయండి.

ఇంత తీవ్రంగా లేకపోయినా, నిద్ర, తిండి, ఆట మీద ఇష్టం రెండు వారాలకు మించి తగ్గిపోయినా, బడికి వెళ్లడం పూర్తిగా మానేసినా, ఒంటిని తనే గాయపరుచుకుంటున్నా పిల్లల మానసిక నిపుణులను కలవండి. దిష్టి తీయించడంలో తప్పులేదు, దానితో ఆపొద్దు.

పదో మెట్టు: మీరు కాక ఇంకెవరు?

ఇవన్నీ చేసినా కొన్ని సంగతులు అమ్మానాన్నలకు చెప్పలేరు. అలాంటప్పుడు వెళ్లడానికి ఇంకో గుమ్మం ఉండాలి. "నాకు చెప్పలేనిది ఏదైనా ఉంటే ఎవరికి చెబుతావ్?" అని ఏ గొడవా లేని రోజున అడగండి. బాబాయి, పిన్ని, మేనమామ, పక్కింటి ఆంటీ, పీఈటీ సార్, ఎవరి పేరైనా చెప్పొచ్చు. పిల్లలు ఎంచుకున్న మనిషినే ఒప్పుకోండి, మీకు నచ్చినవాళ్లను అంటగట్టకండి. ఆ మనిషి నంబర్ పిల్లలకు నోటికి వచ్చేలా చేయండి. తర్వాత ఆ మనిషితో విడిగా ఒక మాట అనండి: "వాడు నీకు చెప్పినవి నాకు చెప్పక్కర్లేదు. వాడి ప్రాణానికో, ఒంటికో ప్రమాదం అనిపిస్తే మాత్రం అదే గంటలో నాకు ఫోన్ చెయ్యి." ఈ మాట పిల్లల ముందే అంటే ఇంకా మంచిది. ఏది గుట్టుగా ఉంటుందో, ఏది ఉండదో వాళ్లకూ తెలుస్తుంది.